అనితా మూయ్: హాంకాంగ్ పాటల రాణి గురించి తెలిసినవాళ్ళు రాయండి

#1 వెండితెర_వాసు

జాకీ చాన్ 'డ్రంకెన్ మాస్టర్ 2' మళ్ళీ చూశాను. అందులో జాకీకి సవతితల్లిగా వేసినావిడ గుర్తుందా? మొగుడు ఇంట్లో లేనప్పుడు స్నేహితురాళ్ళతో మహ్‌జాంగ్ జూదం, ఆయన గుమ్మం తొక్కగానే కళ్ళనిండా నీళ్ళు. ఆవిడ తెర మీద ఉన్నంతసేపూ నాకు జాకీ వైపు చూడబుద్ధి కాలేదు. పేరు వెతికితే అనితా మూయ్ అని వచ్చింది. అసలు వృత్తి పాటలట, సినిమాలు తర్వాతట. ఇక్కడ హాంకాంగ్‌లో ఉండేవాళ్ళున్నారు కదా, ఈవిడ గురించి కాస్త వివరంగా రాయరూ? పాటలు ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో కూడా చెప్పండి.

#2 వరంగల్_పోరడు

వాసన్నా, ఇంకో సంగతి చెప్పనా? ఆ సినిమా వచ్చింది 1994లో. జాకీ పుట్టింది 1954లో, ఈమె పుట్టింది 1963లో. కొడుకు కంటే తొమ్మిదేండ్లు చిన్నది తల్లి! అయినా చూస్తున్నంతసేపు మనకు అనుమానమే రాదు. 'రంబుల్ ఇన్ ది బ్రాంక్స్'లో సూపర్‌మార్కెట్ కొనుక్కునే ఆమె కూడా ఈమెనే. పాటల సంగతి నాకు తెల్వదు, చెప్పేటోళ్ళు చెప్పాలి.

#3 కౌలూన్_నివాసి

వాసు గారూ, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి. నేను చాలా ఏళ్ళుగా హాంకాంగ్‌లోనే ఉంటున్నాను. ఇక్కడ ఆమె పేరెత్తితే అందరూ తిన్నగా 2003కి వెళ్ళిపోతారు. పెళ్ళి గౌను, ఆఖరి కచేరీ, ఏడుపులు. ఆమె ఎలా పోయిందో తెలియనివాళ్ళు లేరు. ఎలా పనిచేసిందో ఎవరూ అడగరు. అందుకే నేను పని దగ్గర మొదలుపెడతాను.

నలుగురు పిల్లల్లో ఆఖరిది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి పాటల బృందం నడిపి పిల్లల్ని సాకింది. నాలుగైదేళ్ళ వయసులోనే అక్క ఆన్‌తో కలిసి లై చీ కోక్ అమ్యూజ్‌మెంట్ పార్కులో స్టేజీ ఎక్కించారు. ఆ పార్కు 1997లో మూతపడింది. పెద్దవాళ్ళు చెబుతుంటే నాకు మన నాంపల్లి ఎగ్జిబిషనే కళ్ళ ముందు కదిలింది: రంగులరాట్నాలు, తినుబండారాల కొట్లు, ఒక పక్క జంతువులు, ఒక పక్క నాటకాల షెడ్లు. టికెట్ కొనుక్కున్నవాళ్ళు అటూ ఇటూ తిరుగుతూ, ఏదైనా చెవిన పడితే రెండు నిమిషాలు నిలబడి, నచ్చకపోతే పోతారు. అలా పోతున్న మనిషిని ఆపడం ఆ పిల్ల నేర్చుకున్న మొదటి విద్య. చైనీస్ ఒపెరా పాటలు, అప్పటి హిట్ పాటలు, ఏవి అడిగితే అవి పాడాలి.

తర్వాత నైట్‌క్లబ్బులు. పదిహేనేళ్ళకి ఒక్క రోజులో ఆరు క్లబ్బుల దాకా తిరిగి పాడేదట. గొంతులో కాయలు కట్టాయి. డాక్టర్ ఏడాది పాటు పాడొద్దన్నారు. ఆ ఏడాది బొమ్మలు వేయడం నేర్చుకుంటూ కూర్చుంది. తిరిగొచ్చి నోరు విప్పితే పై స్థాయి పోయింది, గొంతు ఒక ఆక్టేవ్, అంటే ఒక పూర్తి స్థాయి, కిందికి దిగిపోయింది. చదువు అప్పటికే హైస్కూలు మధ్యలో ఆగిపోయింది. పాటలు పాడుకునే పిల్ల అని బడిలో చిన్నచూపు ఎటూ ఉండేది.

1982లో టీవీబీ ఛానలూ క్యాపిటల్ ఆర్టిస్ట్స్ అనే రికార్డు కంపెనీ కలిసి కొత్త గాయనీగాయకుల పోటీ మొదటిసారి పెట్టాయి. మూడు వేల మందికి పైగా వచ్చారు. ఈమె పౌలా చుయ్ పాట ఒకటి పాడి గెలిచింది. అప్పటికి పద్దెనిమిదేళ్ళు, అంటే అనుభవం చూస్తే పద్నాలుగేళ్ళ సర్వీసు! టీవీ ముందు కూర్చున్నవాళ్ళకి కొత్త అమ్మాయి, స్టేజీకి మాత్రం పాత మనిషి.

#4 స్వరలహరి

అక్కా, గొంతు సంగతి చెప్పారు చూడండి, అక్కడే ఆగిపోయాను. పిల్లలకి సంగీతం చెబుతుంటాను కాబట్టి ఈ కాయల టెన్షన్ నాకు బాగా తెలుసు. చిన్న వయసులో విశ్రాంతి లేకుండా పాడిస్తే గొంతులోని స్వరతంత్రులు ఒకదానికొకటి రాసుకుని గట్టిపడతాయి. గాలి సందుల్లోంచి లీకవుతుంది, పైకి వెళ్ళేకొద్దీ జీర వస్తుంది. చాలామంది అక్కడితో పాట మానేస్తారు.

మీరు రాసింది చదివి రెండు పాటలు వెతికి విన్నాను. ఆడగొంతుల్లో అంత కింది స్థాయిని ఇంత ధీమాగా వాడినవాళ్ళు తక్కువ. ఆ జీరని దాచే ప్రయత్నమే లేదు. మంద్రంలో మాట పలికేటప్పుడు గాలి కొంచెం ముందు వస్తుంది, శబ్దం దాని వెనకాల వస్తుంది. వింటుంటే మన ఎల్.ఆర్. ఈశ్వరి గారు గుర్తొచ్చారు. అదే గొంతు అని కాదు, 'తీయగా ఉండటం నా పని కాదు' అనే ఆ నిబ్బరం.

#5 బెజవాడ_బాబాయ్

అందరూ పొగుడుతున్నారు కాబట్టి నా అనుమానం కూడా రాస్తాను, ఏమీ అనుకోకండి. నేనూ కొన్ని వీడియోలు చూశాను. పాటకో వేషం. ఒకసారి మగవాడి సూటు, ఒకసారి నెత్తిన ఈకలు, ఒకసారి అరబ్బు దేశపు నాట్యగత్తె. పాట కంటే బట్టలే ఎక్కువ కనిపించాయి. పైగా సగం బాణీలు జపాన్‌వి, కొన్ని అమెరికావి. సొంత బాణీ లేకుండా రాణి ఎలా అయ్యిందమ్మా?

#6 కౌలూన్_నివాసి

బాబాయ్ గారూ, మంచి ప్రశ్నే అడిగారు. రెండూ విడివిడిగా చెబుతాను.

ముందు బాణీలు. 1970ల మొదటిదాకా హాంకాంగ్‌లో ఇక్కడి జనం మాట్లాడే కాంటనీస్ భాషలో పాట అంటే చులకన. చదువుకున్నవాళ్ళు ఇంగ్లిష్ పాటలో, మాండరిన్ పాటలో వినేవాళ్ళు. 1974 ప్రాంతంలో శామ్ హుయ్ వచ్చి వీధిలో మాట్లాడే భాషలో పాడాక ఊరు ఊరంతా అటు తిరిగింది. ఒక్కసారిగా గిరాకీ పెరిగింది, అంతమందికి పాటలు కట్టే సంగీత దర్శకులు ఎక్కడున్నారు? అందుకని కంపెనీలు జపాన్ నుంచి హక్కులు కొనుక్కొచ్చేవి. అందరూ అదే చేశారు, ఈమె ఒక్కతే కాదు. 1985లో సంచలనం లేపిన 'బ్యాడ్ గర్ల్' పాట కూడా షీనా ఈస్టన్ పాడిన 'స్ట్రట్' బాణీయే.

అయితే బాణీ తెచ్చుకోవడం తేలిక, మాట కూర్చడమే కష్టం. కాంటనీస్‌లో ఆరు స్వరస్థాయిలు. అదే అక్షరం ఎత్తులో ఒక అర్థం, దించితే ఇంకో అర్థం. బాణీ పైకి వెళ్ళే చోట కిందికి దిగే మాట పడిందా, వినేవాడికి వేరే మాట వినిపిస్తుంది. అందుకే ఇక్కడ బాణీ ముందు, కవి తర్వాత. మన సినిమాల్లో ట్యూన్‌కి పాట రాసే పద్ధతే, కాకపోతే ముడి ఇంకా గట్టిది. అలా కూర్చిన మాటని గాయని మళ్ళీ మామూలు మాట్లాడినట్టే పలకాలి. ఈమె పాటలో ఒక్క మాట కూడా బాణీ కోసం సాగదీసినట్టు ఉండదు. నేను కాంటనీస్ నేర్చుకుంటున్న రోజుల్లో చెవి కుదిరింది ఈమె పాటల వల్లే.

ఇక వేషాలు. ఎడ్డీ లావ్ అనే డిజైనర్ మొదటి నుంచీ ఆమె వెంట ఉన్నాడు. అప్పటి గాయనులంతా పొడుగు గౌన్లు వేసుకుని కదలకుండా నిలబడి పాడే కాలం. భుజాల దగ్గర వెడల్పుగా కుట్టిన మగ సూటు, కురచ జుట్టు పెట్టి పంపించాడు. ఆ కిందిస్థాయి గొంతుకి ఆ సూటు సరిగ్గా అతికింది. 'బ్యాడ్ గర్ల్' మీద చైనాలో నిషేధం ఉండేది. 1995లో గ్వాంగ్జౌలో కచేరీలు చేస్తూ చివరి రోజు పాడేసింది, అధికారులకి కోపమొచ్చింది.

ఇంకో మాట. హంగ్ హామ్ రైల్వే స్టేషన్ పక్కనే హాంకాంగ్ కొలీజియం ఉంటుంది, తిరగేసిన పిరమిడ్ ఆకారం. 12,500 మంది పడతారు. 1980ల్లో వేదిక హాలు మధ్యలో, నాలుగు వైపులా జనం. అంటే ఏ క్షణంలోనైనా మూడు వంతుల మందికి మీ వీపో, పక్కో కనిపిస్తుంది. వెనక తెర లేదు, చాటు లేదు. అక్కడ వేషం ఎందుకంటే, ఎక్కడో పై వరసలో కూర్చున్నవాడికి కూడా ఆ ఆకారం చూడగానే పాట మూడ్ తెలియాలి. 1987-88లో వరసగా 28 కచేరీలు చేసింది, అప్పటికి ఆమెకి 24 ఏళ్ళు. బట్టలు చూడ్డానికే అయితే అన్ని రాత్రులు ఎవరొస్తారు చెప్పండి?

#7 స్వరలహరి

నాలుగు వైపులా జనం ఉండే స్టేజీ మీద పాడటం అంటే, అబ్బో! మానిటర్ స్పీకర్లు ఎక్కడ పెట్టినా సగం దూరం తిరిగేసరికి మన గొంతు మనకి వినపడదు.

అక్కా, ఒకే బాణీకి రెండు పాటలు వచ్చి గొడవ జరిగిందని విన్నాను. అదేంటి?

#8 పాతపాటల_పిచ్చి

అది నేను చెబుతాను, నాకు ఇష్టమైన గొడవ. 1989. జపాన్‌లో మసాహికో కోండో పాడిన సాయంసంధ్య పాట, కట్టింది కోజీ మకైనో. అదే బాణీని అదే ఏడాది హాంకాంగ్‌లో ఇద్దరు తీసుకున్నారు. అనితా 'సూర్యాస్తమయ గీతం' పాడింది. ప్రిసిల్లా చాన్ 'వేల వేల పాటలు' అనే అర్థం వచ్చే పేరుతో పాడింది. ప్రిసిల్లా పాట వీడ్కోలు పాట, మర్నాడు రైలెక్కే స్నేహితుడికి రాత్రంతా పాడినట్టు ఉంటుంది. అనితాది జీవితం మీద పాట, పరుగంతా అయ్యాక వెనక్కి చూసుకునేది. ఏడాది చివర టీవీబీ అవార్డుల్లో పెద్ద బహుమతి అనితా పాటకి వచ్చింది. అభిమానులు కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

నా ఓటు మాత్రం ప్రిసిల్లాకే. ఇప్పటికీ కరవోకే గదుల్లో ఎక్కువ వినపడేది ఆ పాటే. గొంతు నిర్మలంగా, నీళ్ళలా ఉంటుంది. ఎవరేమన్నా నా మాట ఇదే.

#9 కౌలూన్_నివాసి

పాతపాటల గారూ, కరవోకే మాట నిజమే, కాదనను. కానీ అనితా పాట పాతికేళ్ళ పిల్ల పాడిందని గుర్తు పెట్టుకుని వినండి. ఆ వయసులో అస్తమించే సూర్యుడి గురించి పాడితే నటనలా ఉండాలి. అలా ఉండదు, ఎందుకంటే అప్పటికే ఇరవై ఏళ్ళు పైగా పనిచేసి అలిసిన గొంతు అది. చరణం మొదట్లో దాదాపు మాట్లాడుతున్నట్టే ఉంటుంది, పల్లవి ఎత్తుకునే చోట కూడా తొందరపడదు.

ఆ గొడవ తర్వాతే ఇంకోటి జరిగింది. 1985 నుంచి 1989 దాకా ఐదేళ్ళు వరసగా ఉత్తమ గాయని అవార్డు ఈమెదే. తర్వాత ఇక నాకు పోటీ అవార్డులు వద్దు, కొత్తవాళ్ళకి దారి ఇవ్వాలి అని ప్రకటించింది. ఆ మాట మీదే నిలబడింది.

#10 వెండితెర_వాసు

మీరందరూ రాస్తుంటే ఆగలేక ఈమె నటించిన 'రూజ్' సినిమా చూశాను. దర్శకుడు స్టాన్లీ క్వాన్, జాకీ చాన్ కంపెనీయే నిర్మాత. లెస్లీ చ్యూంగ్ హీరో. ఎవరూ చూడకపోయి ఉంటే దయచేసి చూడండి.

మొదటి సన్నివేశమే చాలు. 1930ల నాటి వేశ్యవాడ. ఈమె మగ వేషంలో, తల మీద టోపీతో, విందు గదిలో పాత పద్ధతి పాట ఒకటి పాడుతూ ఉంటుంది. ధనవంతుల ఇంటి కుర్రాడు లెస్లీ మెట్లెక్కి వస్తాడు. పాట ఆపదు. పాడుతూనే అతని వైపు నడుస్తుంది. కళ్ళు మాత్రం అతని మీద నుంచి కదలవు, అయినా ముఖంలో ఒక్క కండరం మారదు. ప్రేమ మొదలైన సంగతి మనకి చెప్పేది ఆ నడక ఒక్కటే. ఇద్దరూ కలిసి చనిపోవాలనుకుంటారు. యాభై ఏళ్ళ తర్వాత ఆమె దెయ్యమై 1980ల హాంకాంగ్‌లో ఒక పత్రికాఫీసుకొచ్చి, తప్పిపోయిన ప్రియుడి కోసం ప్రకటన వేయమని అడుగుతుంది. దెయ్యం సినిమా అంటే భయపడతామనుకుంటాం, ఇక్కడ మాత్రం ఆ దెయ్యమే బిక్కుబిక్కుమంటూ కొత్త ఊరిని చూస్తుంటుంది. చివరికి ఆ ప్రియుడు ఏమయ్యాడంటే

#11 మోడరేటర్

వాసు గారూ, ముగింపు తీసేశాను, ఏమనుకోకండి. చూడనివాళ్ళు చాలామంది ఉన్నారు. మిగతాదంతా అలాగే ఉంచాను.

#12 వరంగల్_పోరడు

మోడరేటర్ సార్ మంచి పని చేశారు, నేను ఇంకా చూడలేదు. ఆ సినిమాకే తైవాన్ గోల్డెన్ హార్స్ ఉత్తమ నటి అవార్డు 1987లో, హాంకాంగ్ సినిమా అవార్డు 1989లో వచ్చినయంట. పాటలోళ్ళు సినిమాలల్ల వేస్తే మామూలుగా పాటల కోసమే పెట్టుకుంటరు, ఈమె లెక్క వేరే.

ఒక డౌట్. 1989లో ప్రజాస్వామ్యం కావాలని ఉద్యమం చేసిన బీజింగ్ విద్యార్థుల కోసం హాంకాంగ్‌లో పెద్ద కచేరీ జరిగింది కదా, అందులో ఈమె ఉన్నదా?

#13 కౌలూన్_నివాసి

ఉంది తమ్ముడూ. మే 27న, హ్యాపీ వ్యాలీ గుర్రప్పందేల మైదానంలో. ఊళ్ళో పేరున్న గాయకులు చాలామంది వచ్చారు, ఆమె కూడా నిలబడింది. 1991లో చైనా తూర్పు ప్రాంతాల్లో వరదలు వచ్చినప్పుడు అదే మైదానంలో విరాళాల కార్యక్రమం జరిగితే అందులోనూ ఉంది. 1993లో సొంతంగా సేవా సంస్థ పెట్టింది. అదే కాలంలో ఏర్పడిన నటుల, గాయకుల సంఘం వ్యవస్థాపకుల్లో ఒకరు.

శిష్యుల మాట చెప్పకపోతే ఈమె సగమే తెలిసినట్టు. 'గ్రాస్‌హాపర్' అని ముగ్గురు కుర్రాళ్ళ బృందం. వాళ్ళని తన వెనక డాన్స్‌లోకి తీసుకుని, కచేరీలకి తిప్పి, స్టేజీ నేర్పి, సొంత పేరు వచ్చేలా చేసింది. ఆండీ హుయ్ కూడా ఆ గూటి పక్షే. 1996లో ఆ కొత్త గొంతుల పోటీ గెలిచిన డెనిస్ హో ఈమెని గురువుగా ఎంచుకుంది. తర్వాత డెనిస్ పాటల్లోనూ, హాంకాంగ్ రాజకీయాల్లోనూ ఎంత గట్టిగా నిలబడిందో వార్తలు చదివేవాళ్ళకి తెలిసే ఉంటుంది. చిన్నప్పుడు అనితాకి ఎవరూ నేర్పలేదు, స్టేజీ మీదికి పంపించారంతే. బహుశా అందుకేనేమో, పిల్లలు కనపడితే వదిలేది కాదు.

#14 తెనాలి_అమ్మాయి

నమస్తే అండి, ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను. ఒక్క విషయం నన్ను కలచివేస్తోంది. ఆవిడ పోయాక తల్లి ఆస్తి కోసం కోర్టుకెక్కిందట కదా? కన్నతల్లికి నెలనెలా భత్యం, డిజైనర్‌కి మాత్రం రెండు ఇళ్ళు రాసిందని చదివాను. తల్లిని అలా చేయొచ్చా?

#15 బెజవాడ_బాబాయ్

తెనాలి తల్లీ, నా మనసులో మాటే అడిగావు. ఎంత లేదన్నా తల్లి తల్లే. బృందం పెట్టి నలుగురిని సాకిన మనిషి. చేతికి నెల జీతంలా ఇవ్వడం ఏం మర్యాద?

#16 ప్లీడరు_గారబ్బాయి

బాబాయ్, చట్టం వైపు నుంచి చెబుతాను. 2003 డిసెంబర్ మొదట్లో, పోవడానికి నాలుగు వారాల ముందు వీలునామా రాసింది. ఆస్తి అంతా ట్రస్టులో పెట్టింది. తల్లికి బతికున్నంతకాలం నెలకి 70,000 హాంకాంగ్ డాలర్లు. ఇప్పటి మారకంలో ఏడు లక్షల రూపాయల పైమాటే, చిన్న మొత్తం కాదు. అన్న పిల్లల, అక్క పిల్లల చదువులకి వేరే డబ్బు. ఎడ్డీ లావ్‌కి రెండు ఇళ్ళు. తల్లి తదనంతరం మిగిలింది ఒక బౌద్ధ సంస్థకి.

డబ్బంతా ఒకేసారి చేతికిస్తే నిలవదని కూతురు భయపడిందని కోర్టులో వచ్చింది. రాసేటప్పుడు కూతురికి మతి స్థిరంగా లేదని తల్లి వాదించింది. 2008లో హైకోర్టు వీలునామా చెల్లుతుందని తీర్పిచ్చింది, 2011లో అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళినా ఫలితం మారలేదు. ట్రస్టు పెట్టేది అందుకే కదండీ: మనిషి పోయాక కూడా నెలనెలా ఇంటికి సరుకులు వస్తూ ఉండాలి, ఎవరూ ఒక్క పూటలో ఊడ్చేయకూడదు. నా దృష్టిలో అది తల్లిని గాలికి వదిలేయడం కాదు.

#17 తెనాలి_అమ్మాయి

వివరంగా చెప్పినందుకు థాంక్సండి. లెక్క అర్థమైంది. అయినా ఆ తల్లి కోర్టు మెట్ల మీద ఉన్న ఫొటో చూస్తే నాకు మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు. నాలుగేళ్ళ పిల్లని స్టేజీ ఎక్కించింది కూడా ఆవిడే అని తెలిసినా సరే.

#18 గుంటూరు_స్టాఫ్‌నర్స్

జబ్బు గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. చిన్నప్పుడు పక్కన నిలబడి పాడిన అక్క ఆన్ 2000లో ఇదే జబ్బుతో పోయింది. మూడేళ్ళకి చెల్లెలు. ఇది వంశంలోంచి దిగే జబ్బు అని చాలామంది అనుకుంటారు. దాదాపు అన్ని కేసులకీ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. క్యాన్సర్‌గా మారడానికి ఏళ్ళు పడుతుంది, ఆ లోపల పాప్ పరీక్ష (గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష) చేస్తే దొరుకుతుంది. 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి టీకా ఉంది. మన దగ్గర రక్తస్రావం మొదలయ్యాక, అదీ నెలలు ఓర్చుకున్నాక వస్తారు. ఇది చదువుతున్న అక్కచెల్లెళ్ళు సిగ్గుపడకుండా ఒక్కసారి పరీక్ష చేయించుకోండి, నా మాట వినండి.

#19 కౌలూన్_నివాసి

నర్సమ్మా, ఇది అందరూ చదవాలి, మంచి పని చేశారు.

సరే, 2003కి రావాల్సిందే. ఆ ఏడాది హాంకాంగ్ ఎలా ఉండేదో చెబితే గానీ మిగతాది అర్థం కాదు. మార్చి నుంచి సార్స్ అనే ఊపిరితిత్తుల అంటువ్యాధి. 299 మంది పోయారు. వీధుల్లో మాస్కులు, ఖాళీ హోటళ్ళు. ఏప్రిల్ 1న లెస్లీ చ్యూంగ్ ప్రాణం తీసుకున్నాడు. ఇద్దరూ ఒకే కంపెనీలో కలిసి ఎదిగినవాళ్ళు, 'రూజ్' జంట. ఆ దెబ్బ మీదే, మే 24న హాంకాంగ్ స్టేడియంలో సార్స్‌లో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్లల కోసం పెద్ద కచేరీ జరిగింది. పేరు '1:99'. ఇల్లు తుడిచే నీళ్ళలో ఒక వంతు బ్లీచు, తొంభై తొమ్మిది వంతులు నీళ్ళు కలపమని అప్పట్లో ప్రభుత్వం చెప్పిన లెక్క అది, ప్రతి ఇంట్లోనూ నోటికొచ్చిన అంకె. ఆ కచేరీని ముందుండి నడిపింది ఈమె. అప్పటికే ఒంట్లో జబ్బు ఉంది.

సెప్టెంబర్ 5న పత్రికలవాళ్ళని పిలిచి జబ్బు సంగతి తనే చెప్పింది. నవంబర్‌లో కొలీజియంలో ఎనిమిది రాత్రులు పాడింది, 6 నుంచి 11 దాకా, మళ్ళీ 14, 15. ఆఖరి రాత్రి ఎడ్డీ లావ్ కుట్టిన తెల్ల పెళ్ళి గౌను. పెళ్ళి కాలేదు కాబట్టి స్టేజీనే పెళ్ళాడుతున్నానంది. 'సూర్యాస్తమయ గీతం' పాడి, వెనక పొడుగ్గా పరుచుకున్న గుడ్డని ఈడ్చుకుంటూ మెట్లెక్కి, పైన ఆగి వెనక్కి తిరిగి, చెయ్యి ఊపి బై బై చెప్పింది. డిసెంబర్ 30న పోయింది. నలభై ఏళ్ళు. లాంటావ్ దీవిలో పో లిన్ బౌద్ధ మఠంలో అస్థికలు ఉంచారు.

దీన్ని అందరూ విషాదంగా చెబుతారు. నాకు అలా అనిపించదు. ఆ వీడియోలో ఆమె మొహం కాదు, కాళ్ళు చూడండి. ఆ బరువైన గౌనుతో అన్ని మెట్లూ తడబడకుండా, ప్రతి మెట్టు మీదా అడుగు పూర్తిగా ఆనించి ఎక్కుతుంది. చిన్నప్పటి నుంచీ స్టేజీ మీద బతికిన మనిషి, దిగాల్సిన పద్ధతిలో దిగుతోంది. జనం ఏడుస్తున్నారు, ఆవిడ మాత్రం డ్యూటీలో ఉంది.

#20 బెజవాడ_బాబాయ్

అమ్మా, చదివి కాసేపు కూర్చుండిపోయాను. నువ్వు చెప్పింది కాదనలేను. కానీ ఒక ఇంటి పెద్దగా ఆలోచిస్తే, చికిత్స మధ్యలో ఉన్న పిల్లని ఎనిమిది రాత్రులు ఎవరైనా స్టేజీ ఎక్కనిస్తారా? చుట్టూ అంతమంది స్నేహితులున్నారు. ఒక్కరైనా గట్టిగా ఆపాల్సింది. ఆ విషయంలో నా మనసు మారదు.

#21 స్వరలహరి

బాబాయ్ గారూ, ఆపితే ఏం చేసేదండీ ఆ రెండు నెలలు? పదిహేనేళ్ళప్పుడు ఒకసారి ఆపారు, ఏడాది బొమ్మలేసుకుంటూ కూర్చుంది, గొంతు సగం పోయినా తిరిగొచ్చింది. పాడేవాళ్ళని ఇంట్లో కూర్చోబెట్టడం వైద్యం అనుకుంటాం మనం. ఆ కచేరీ రికార్డు విన్నాను. ఊపిరి అందడం లేదని కొన్నిచోట్ల తెలుస్తూనే ఉంది. పాదం మధ్యలో ఊపిరి తీసుకుంటోంది, అయినా మాట విరగ్గొట్టకుండా, రెండు మాటల మధ్య సందులోనే తీసుకుంటోంది. అంత నీరసంలో కూడా ఆ శుభ్రత వదల్లేదు. మా పిల్లలకి వినిపిస్తాను ఇది.

#22 వరంగల్_పోరడు

ఝాంగ్ యిమౌ తీసిన 'హౌస్ ఆఫ్ ఫ్లయింగ్ డాగర్స్'లో కూడా ఈమెకు వేషం ఉండేనట. షూటింగ్ చేయకముందే పోయింది. వేరేటోళ్ళను పెట్టుకోకుండా కథనే మార్చి, సినిమాను ఆమెకు అంకితం ఇచ్చిండు. ఆ సినిమా నేను ఎప్పుడో చూసిన, అంకితం పేరు చదవకుండనే వదిలేసిన. ఇయ్యాల మళ్ళా పెట్టి చూస్త.

#23 వెండితెర_వాసు

అందరికీ ధన్యవాదాలు. నేనేదో ఒక పేరు అడిగితే ఇంత కథ బయటికొచ్చింది. కౌలూన్ అక్కా, ఇప్పుడు వరస చెప్పండి, ఏ పాట ముందు, ఏది తర్వాత? వచ్చే ఏడాది హాంకాంగ్ వచ్చే పని ఉంది, అక్కడ ఏం చూడాలో కూడా చెప్పండి.

#24 కౌలూన్_నివాసి

ముందు 'బ్యాడ్ గర్ల్' వినండి, వీలైతే 1980ల కచేరీ వీడియోతో. భాష రాకపోయినా పర్లేదు. తర్వాత కిటారో బాణీకి పాడిన పాట, 1984లో యిమ్ హో తీసిన 'హోమ్‌కమింగ్' సినిమాలోది, నీళ్ళలా పోయిన ఏళ్ళ గురించి. ఈ రెండూ వెంటవెంటనే వింటే ఒకే మనిషా అనిపిస్తుంది. ఆ తర్వాత 'రూజ్' పాట, సినిమా చూశాకే. 1997లో మాండరిన్‌లో పాడిన 'ఆడపువ్వు' చైనా అంతటా తెలుసు, నాకు మాత్రం ఆమె కాంటనీసే ఇష్టం. 'సూర్యాస్తమయ గీతం' 1989 రికార్డు ముందు విని, 2003ది తర్వాత వినండి. తిరగేసి వినొద్దు. ముందే 2003ది వింటే ఏడుపు తప్ప పాట వినపడదు.

సినిమాల్లో ఆన్ హుయ్ తీసిన 'జులై రాప్సొడీ' 2002లో వచ్చింది, వదలకండి. అందులో ఆమె ఒక స్కూలు మాస్టారి భార్య, ఏ అలంకారమూ లేదు. 2021లో ఆమె జీవితం మీద 'అనితా' అని సినిమా వచ్చింది, లూయిస్ వాంగ్ ఆమెలా వేసింది. బాగుంది, కానీ అది ఆఖర్న చూడండి.

ఇక్కడికొస్తే సిమ్ షా సుయ్‌లో సముద్రం ఒడ్డున అవెన్యూ ఆఫ్ స్టార్స్ మీద ఆమె కంచు విగ్రహం ఉంది, ఫెర్రీ దిగి నడిచిపోవచ్చు. అక్కణ్ణించి హంగ్ హామ్ కొలీజియం కూడా దగ్గరే. ఆ వారం ఎవరిదైనా కచేరీ ఉంటే టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్ళండి, ఎవరిదైనా పర్లేదు, పై వరసలో చవక సీటు తీసుకోండి. రాగానే మెసేజ్ పెట్టండి, వీలుంటే నేనూ వస్తాను.

#25 పాతపాటల_పిచ్చి

అక్కా, వరసలో ప్రిసిల్లా చాన్ పాట కూడా చేర్చండి. 1989ది అనితాది వినగానే, 2003ది వినేముందు. వాసు గారు రెండూ విని తీర్పు ఇక్కడే రాయాలి.